అంబాసిడరుకు ఆదేశసంధి



మా ఇంటి ముందు వేపచెట్టు నీడన ఒక తెల్లని అంబాసిడరు కారు నిలిచి ఉంటుంది. 1986 నాటి మార్క్ ఫోర్. మా అమ్మాయికన్నా ఒక సంవత్సరం పెద్దది. 1998లో దీన్ని ఒక విశ్రాంత ఇంజనీరుగారి వద్ద కొన్నాను. అప్పుడు నేను తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. తెలుగు పండితుడికి కారు ఏ విభక్తి కింద వస్తుందని సహోపాధ్యాయులు పరిహాసమాడారు. చతుర్థీ విభక్తి కిందనే వచ్చింది, మా నాన్నగారి కొరకు.

ఆయనకు పక్షవాతం వచ్చి, నెలకు రెండుసార్లు గుంటూరు తీసుకువెళ్ళవలసి వచ్చేది. వెనుక సీటులో ఆయన పడుకొనేవారు. మా అమ్మ ఆయన తల ఒడిలో పెట్టుకొని ఒక మూల ఒదిగి కూర్చునేది. ముందు సీటులో నేను, ఆ చివర తలుపు పక్కన మా ఆవిడ, మా ఇద్దరి నడుమ పదకొండేళ్ళ మా అమ్మాయి. కారు అయిదుగురినీ మోసేది. నాన్నగారు 2003లో కాలం చేసేవరకు మా కుటుంబం ఆ కారులో కూర్చునే వరుస అదే.

ముందు సీటులో ముగ్గురం కూర్చోగలిగామంటే అందుకు కారణం ఆ కారు గేరు కడ్డీ నేలమీద లేకపోవడమే. స్టీరింగు స్తంభానికి ఎడమవైపున, చక్రానికి కాస్త దిగువన, చెట్టుకొమ్మలా అది బయటికి వచ్చి ఉంటుంది. మావైపు డ్రైవర్లు దాన్ని హ్యాండు గేరంటారు. 1930ల చివర అమెరికా కార్లలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. నేలమీది కడ్డీ తొలగితే ముందు సీటును బల్లలా ఈ చివరినుండి ఆ చివరిదాకా ఒకటిగా పరచవచ్చు, మధ్యలో మరొక మనిషికి చోటు దొరుకుతుంది. మన అంబాసిడరుకు మాతృక ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దానితోపాటు ఈ కడ్డీ కూడా పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారానికి వచ్చింది. మన రోడ్లమీద తిరిగిన ప్రీమియర్ పద్మినికీ చాలాకాలం ఇదే ఏర్పాటు.

మా అమ్మాయికి ఆ మధ్యచోటులో ఒక ఉద్యోగం ఉండేది. ఇంజను చప్పుడు వింటూ కూర్చుని, "నాన్నా, మూడు" అనేది. నేను మూడో గేరు వేసేవాణ్ణి. "నాన్నా, నాలుగు" అనేది. ఒక్కొక్కసారి ముందే చెప్పేది, ఒక్కొక్కసారి ఆలస్యంగా. ఆలస్యమైనా ఆ మాట వచ్చేదాకా ఆగేవాణ్ణి. పాపం, ఇంజను మూలిగేది.

ఇక ఆ కడ్డీ పనితీరు. దానికి రెండు కదలికలుంటాయి. ఒకటి గేర్ల వరుసను ఎన్నుకొనేది, రెండవది ఆ వరుసలో ఈ చివరి గేరో ఆ చివరి గేరో వేసేది. ఈ రెండు కదలికలూ స్తంభం వెంట కిందికి దిగి, అక్కడి చిన్న లివర్ల నుండి లింకుల ద్వారా గేరు పెట్టెను చేరుకోవాలి. ప్రతి కీలులోనూ ఒక బుష్షు. ఒక్కొక్క బుష్షు వెంట్రుకవాసి అరిగితే చాలు, ఆ అరుగుదలలన్నీ కలిసి పైన కడ్డీ దగ్గరికి వచ్చేసరికి అంగుళాల లెక్కకు తేలుతాయి. ఒక వరుస తటస్థానికి పూర్తిగా రాకముందే రెండవ వరుసకు కడ్డీని నెట్టామా, రెండూ పట్టేసుకుంటాయి. అప్పుడు దిగి, బానెట్టు ఎత్తి, చేతితో లివర్లను విడిపించాలి. పాత అంబాసిడరు నడిపినవారిలో ఈ విద్య తెలియనివారు అరుదు.

నా విషయంలో కారు కీళ్ళకన్నా ముందు నా కీలు పట్టేసింది. 2023 దసరా తరువాత ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. చొక్కా తొడుక్కోవడం కష్టమైంది. అటకమీది పుస్తకం తీయడం మానుకున్నాను. వయసు కదా అని ఊరుకున్నాను. పిల్లలు ఇలా ఊరుకుంటే బెత్తం పట్టుకొనే పంతుళ్ళం, మన విషయంలో మాత్రం ఎంతో ఉదారులం.

2024 జనవరిలో మా ఆవిడకు కంటి ఆపరేషను తరువాతి పరీక్ష కోసం విజయవాడ బయలుదేరాము. దుగ్గిరాల దగ్గర రైల్వే గేటు వేశారు. వెనుక పసుపు బస్తాల లారీలు బారు తీరాయి. గేటు లేచింది. మొదటి గేరు కోసం ఎడమ చేయి ఎత్తాను. సగం దారిలో భుజంలో కత్తి దింపినట్లయింది, చేయి జారింది. కడ్డీ అటూ ఇటూ కాని చోట పట్టేసింది. హారన్లు మొదలయ్యాయి. దిగి బానెట్టు ఎత్తబోతే ఎడమ చేయి దాని బరువు ఆపలేకపోయింది. పక్కనున్న ఆటో కుర్రవాడొకడు వచ్చి ఎత్తి పట్టుకున్నాడు. నేను వంగి కుడిచేత్తో లివర్లను విడిపించాను. అతను బానెట్టు మూస్తూ, "తాతగారూ, ఇంకా ఎందుకండీ ఈ బండి?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఎగతాళి అయితే నాకు జవాబు తోచేది.

ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏదో ఒకటి అంటే బాగుండునని దారిపొడవునా అనుకున్నాను.

వైద్యుడు చూసి, ఇది ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. మధుమేహం ఉన్నవారికి ఎక్కువగా వస్తుందట. నాకు ఆ చక్కెర స్నేహం పదిహేనేళ్ళది. తగ్గడానికి నెలలు పట్టవచ్చు, సంవత్సరాలూ పట్టవచ్చునని, వ్యాయామం చేయమని, తాను చెప్పేదాకా కారు ముట్టవద్దని ఆజ్ఞ. ఆరు నెలలు గోడమీద వేళ్ళతో పాకించే వ్యాయామం చేశాను. చేయి కింద స్వేచ్ఛగా కదలసాగింది. చక్రం పట్టుకోవడానికి అభ్యంతరం లేదని వైద్యుడు సెలవిచ్చాడు. కాని చేతిని ముందుకు చాచి రొమ్ముకన్నా పైకి ఎత్తితే మళ్ళీ అదే కత్తి. హ్యాండు గేరు కడ్డీ ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

అమ్మివేయమన్నాడు అల్లుడు. హైదరాబాదు నుండి ఫోను చేసి, గేరు మార్చనవసరం లేని ఆటోమేటిక్ కారు కొనుక్కోమని హితవు చెప్పాడు. అది న్యాయమైన సలహా. కాని కారు అమ్మడమంటే ఆ ఆటో కుర్రవాడి ప్రశ్నకు నా జవాబు ఇచ్చినట్లవుతుంది. అందుకు నేను సిద్ధంగా లేను.

అప్పుడు గుర్తుకు వచ్చాడు విజయవాడ ఆటోనగరులో ఈ కారును ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న మేస్త్రీ. ఫోనులో సంగతంతా విని, "కడ్డీ కిందికి దించేద్దాం మాస్టారూ. చెయ్యి పైకి లేవకపోతే గేరే కిందికి వస్తది" అన్నాడు.

రెండు మార్గాలున్నాయన్నాడు. 1990ల తొలినాళ్ళలో ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800 అంబాసిడరులో కంపెనీవారే అయిదు గేర్ల పెట్టెను, నేలమీది కడ్డీని అమర్చారు. ఆ పెట్టెను తెచ్చి బిగించడం మొదటిది. కాని అందుకు పెట్టెను మోసే పట్టీలు, వెనుక చక్రాలకు బలం చేరవేసే షాఫ్టు అన్నీ సరిచూసుకోవాలి. ఖర్చు కారు విలువను దాటిపోతుంది. రెండవది, పాత పెట్టెను అలాగే ఉంచి, బయట తయారైన ఫ్లోర్ షిఫ్ట్ కిట్టు వేయడం. ఒకప్పుడు టాక్సీవాళ్ళు, కుర్రకారు ముచ్చటపడి వేయించుకొన్న సరుకు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక ఇప్పుడు పాత సామాను దుకాణాలలో వెతకాలి. మూడు వారాలు వెతికి ఒకటి సంపాదించాడు. మూడున్నర వేలకు ఇచ్చారు.

గోనెసంచి విప్పి చూపించాడు. అరచేతి మందాన దుమ్ము పట్టిన ఇనుప పలక, నల్లని గుండుతో ఒక కడ్డీ, దాని అడుగున గిన్నెలో తిరిగే గోళం, ఒక స్ప్రింగు, రెండు చివరలా మరలున్న రెండు సన్నని రాడ్లు, బోల్టులు, మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు. ఎలా బిగించాలో చెప్పే కాగితం లేదు. సూత్రాలున్నాయి, వృత్తి లేదు. వృత్తి అంతా మేస్త్రీ బుర్రలోనే ఉంది.

"ఇది చేర్చడమా, లేక ఉన్నదాన్ని తీసి పెట్టడమా?" అని అడిగాను. నవ్వకండి. వ్యాకరణం చెప్పి బ్రతికినవాడికి ఆ ప్రశ్న ముఖ్యం. సంధి కార్యంలో ఆగమం వేరు, ఆదేశం వేరు. మా అమ్మ మాయమ్మ అయినప్పుడు యకారం స్నేహితునిలా వచ్చి నడుమ చేరుతుంది, ఎవరినీ లేవగొట్టదు. ఆదేశం అలా కాదు. పగవానిలా వచ్చి, ఉన్నదాన్ని వెళ్ళగొట్టి, ఆ చోటులో తాను కూర్చుంటుంది. పై కడ్డీని కూడా ఉంచుకోవచ్చునేమోనని నా ఆశ.

"రెండూ ఉంటే రెండూ ఒకే లివరును లాగుతాయండి. ఒకటి నడుపుతుంటే రెండోది అడ్డం పడుద్ది. పైది తీసెయ్యాల్సిందే" అన్నాడు.

కనుక ఆగమం కాదు, ఆదేశమే.

అంతకుముందే చట్టం సంగతీ విచారించుకున్నాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. మా పత్రంలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య ఉన్నాయి. గేరు కడ్డీ ఎక్కడుందో లేదు. అయినా, పదిహేనేళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి కనుక, రవాణా కార్యాలయంలో అడిగి, అభ్యంతరం లేదనిపించుకొన్న తరువాతే పనికి ఒప్పుకున్నాను.

2024 నవంబరులో ఒక ఆదివారం ఉదయం పని మొదలైంది. మా ఆవిడ కూడా వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చుంది. మొదట బ్యాటరీ తీగ విప్పాడు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. ముందు సీటు పైకెత్తి బయటపెట్టాడు. రబ్బరు పరుపు తీస్తే దాని కింద మా అమ్మాయి చిన్ననాటి తల క్లిప్పు ఒకటి, పావలా బిళ్ళ ఒకటి, మా నాన్నగారి మందుచీటీ ముక్క ఒకటి దొరికాయి. మా ఆవిడ మూడింటినీ కొంగున ముడివేసుకొంది.

గేరును తటస్థంలో ఉంచి, స్తంభం అడుగున లింకులు విడదీశాడు. నా చేయి ఇరవయ్యారేళ్ళు పట్టుకొన్న కడ్డీ బయటికి వచ్చింది. పిడి మీది గీతలు అరిగి నున్నబడ్డాయి. దాన్ని నా చేతికిచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకొనే కూర్చున్నాను.

తరువాత నేలమీది పొడుగాటి ఉబ్బు మీద పలక ఉంచి సుద్దతో గీశాడు. రంధ్రం వేసేముందు కారు కిందికి దూరి, బ్రేకు గొట్టంగానీ తీగగానీ అక్కడ లేదని రెండుమార్లు చూసుకున్నాడు. పలక బిగించి, కడ్డీ నిలిపి, రెండు రాడ్లను గేరు పెట్టె లివర్లకు కలిపాడు. ఇక అసలు పని ఆ రాడ్ల పొడవు సరిచేయడంలో ఉంది. చివరల మరలు ఒక చుట్టు తిప్పితే పొడవు పెరుగుతుంది, ఒక చుట్టు తిప్పితే తగ్గుతుంది. కడ్డీ నిటారుగా ఉన్నప్పుడు పెట్టె లోపల కూడా సరిగ్గా తటస్థంగా ఉండాలి.

"పొడవు తేడా ఉంటే గేరు పడినట్టే ఉంటదండి, పూర్తిగా పడదు. దారిలో గతుకు రాగానే జారిపోద్ది. పడినట్టు ఉండడం, పడడం ఒకటి కాదు" అన్నాడు. ముప్పయ్యయిదేళ్ళు జవాబు పత్రాలు దిద్దిన నేను ఈ తేడాను ఇంత చక్కగా ఎన్నడూ చెప్పలేదు.

రెండుసార్లు రివర్సు సగమే పడింది. మూడోసారి కుదిరింది. అప్పుడు మరల నట్లు బిగించి, కీళ్ళకు పిన్నులు వేసి, గ్రీజు పూశాడు. వేడి, దుమ్ము, వాన నీరు పైకి రాకుండా రబ్బరు తొడుగు చుట్టూ పట్టీ బిగించాడు. వెనుక చక్రాలు స్టాండ్ల మీదికి ఎత్తి, ఇంజను నడిపి ఒక్కొక్క గేరూ వేసి చూశాడు. అన్నీ పలికాయి.

సీటు తిరిగి పెట్టగానే చిక్కు వచ్చింది. వెనక్కి లాగవలసిన గేర్లకు కడ్డీ సీటు అంచును తాకి ఆగిపోతోంది. మేస్త్రీ తేలికగా, "ఈ సీటు మధ్యలో కోసేద్దామండి. లేకపోతే తీసేసి రెండు బకెట్ సీట్లు వేద్దాం" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. పత్రంలో సీట్ల సంఖ్య ఉంది, దానిజోలికి వద్దన్నాను. అది నిజమే కాని అసలు కారణం కాదు. మా ఆవిడకు అది తెలుసు. "కోయించెయ్యండి. మధ్యలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?" అంది. గేటు దగ్గర అనని మాట ఆమె ఇక్కడ అంది. విసుగుతో కాదు, బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినంత మామూలుగా. కొంగు ముడిలో ఆ క్లిప్పు ఉంది.

నాకు జవాబు రాలేదు. మేస్త్రీ మా ఇద్దరినీ చూసి, ఏమీ అడగకుండా కడ్డీని విప్పి, పక్కషెడ్డులో ఎర్రగా కాల్పించి, నడుము దగ్గర ముందుకు వంచుకొచ్చాడు. ఇప్పుడది సీటును తాకకుండా తిరుగుతోంది. సీటు సీటుగానే ఉంది. మధ్యలో మాత్రం మనిషి కూర్చోలేడు, మోకాళ్ళకు చోటు లేదు. మజూరీ రెండువేలు తీసుకొని, వంచినందుకు వేరే తీసుకోనన్నాడు.

తిరుగు ప్రయాణంలో చక్రం నేనే పట్టాను. మొదటి కూడలి దగ్గర క్లచ్చు తొక్కాను. ఎడమ చేయి తనంతట తానే స్తంభం వైపు లేచి, గాలిలో తడుముకొని, ఆగింది. "కిందండీ" అంది మా ఆవిడ. దుగ్గిరాల చేరేలోగా ఆ మాట ఎన్నిసార్లందో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ చేయి దిగి, కడ్డీని అందుకొంది. భుజం ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. ఆదేశం పగవానిలా వస్తుందని పిల్లలకు చెబుతూ వచ్చానే, దాని తరువాతి మాట ఎందుకు చెప్పలేదు? కూర, కాయ కలిసి కూరగాయలయినప్పుడు కకారం పోయి గకారం వచ్చింది. క పోయింది కాని కాయ పోలేదు. బజారులో ఎవరూ కాయలు మాయమైనాయని వెతుక్కోరు. వచ్చిన గకారం పోయిన కకారం పనిని బుద్ధిగా చేస్తోంది. స్థాని ధర్మం ఆదేశానికి సంక్రమిస్తుందని పాణిని ఏనాడో సూత్రీకరించాడు. స్థానివద్భావమని దానికి పేరు. అయితే అక్కడే ఒక మినహాయింపు కూడా పెట్టాడు. తొలగిన వర్ణాన్నే ఆశ్రయించుకొని జరగవలసిన కార్యాలకు ఇది వర్తించదు.

మా కారుకు ఈ రెండూ వర్తించాయి. గేరు వేయడమనే ధర్మం పై కడ్డీనుండి కింది కడ్డీకి చెక్కుచెదరకుండా సంక్రమించింది. కాని నడిమి చోటు ఆ కడ్డీ పైన ఉండటాన్నే ఆశ్రయించుకొన్నది. అది సంక్రమించలేదు. ఎంత వంచినా సంక్రమించదు. నాకు ఇన్నాళ్ళూ మింగుడుపడనిది ఈ రెండవ సగమే. కారు అమ్మితే రెండూ పోతాయని భయపడ్డాను. అమ్మకపోతే రెండూ ఉంటాయనుకున్నాను. ఒకటి ఉంది, ఒకటి పోయింది. నిజానికి అది ఈ నవంబరులో పోయినది కాదు. మా అమ్మాయి పెళ్ళయి వెళ్ళిన నాడే పోయింది. నేనే గేరు పడినట్టు ఉంటే పడిందనుకొన్నాను.

2025 సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, మనవడు వచ్చారు. కొత్త కడ్డీని చూసి అమ్మాయి ఒక్క క్షణం ముందు తలుపు దగ్గర ఆగింది. మధ్యచోటును చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా వెనుక తలుపు తీసి కొడుకును పక్కన కూర్చోబెట్టుకొంది. చిన్నపిల్లలు వెనుక కూర్చోవడమే క్షేమమని అల్లుడు ఎప్పుడూ చెప్పే మాట. ఒకప్పుడు మా అమ్మ ఒదిగి కూర్చున్న మూల అది.

ఊరు దాటి కాలువగట్టు రోడ్డు ఎక్కాము. రెండో గేరులో ఇంజను గొంతు పెంచింది. నా చేయి కడ్డీ మీదే ఉంది. ఎందుకో వేయకుండా ఆగాను.

వెనుకనుండి మాట వచ్చింది. "నాన్నా, మూడు."

వేశాను. పూర్తిగా పడింది.

పాత కడ్డీ ఇప్పుడు నా బల్లమీద శబ్దరత్నాకరం పక్కన ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికివస్తోంది. హ్యాండు గేరు కారు ఇంకా ఉంచుకొన్న మిత్రులెవరైనా ఉంటే ఒక్క మనవి. ముందు బుష్షులు మార్పించి చూడండి, సగం జబ్బు అక్కడే తగ్గుతుంది. భుజం పట్టేస్తే మాత్రం నాలాగా మూడు నెలలు ఊరుకోకండి. వెంటనే వైద్యుడికి చూపించండి.

ఇంతే సంగతులు.